తలపాగ కథ: గాంధీజీ ఆత్మకథలో ప్రవాస న్యాయవాది

గాంధీజీ ఆత్మకథ యనగానే విద్యార్థులకు మొదట తోచునది పీటర్ మారిట్జ్‌బర్గ్ రైలుస్టేషను. 1893 జూనులో, చలిరాత్రి, మొదటి తరగతి టిక్కెట్టు చేతనుండియు పెట్టెనుండి దింపివేయబడి, దీపములేని గదిలో వణకుచు గూర్చున్న యువకుని చిత్రము పాఠ్యపుస్తకముల మూలమున అందరి మనస్సులలో నాటుకొన్నది. ఆ ఘట్టమునకు రావలసిన కీర్తియే వచ్చినది. కాని ఆ రైలులో ప్రయాణము చేసినవాడు బారిష్టరు. ఒక వ్యాజ్యము నిమిత్తము కక్షిదారు పంపగా ప్రిటోరియాకు పోవుచున్నవాడు. పదునైదు మాసములు గడచిన పిమ్మట అతడు మరల అదే పీటర్ మారిట్జ్‌బర్గున, నెటాలు సుప్రీంకోర్టులో, న్యాయవాదిగా తన పేరు నమోదు చేయుమని నిలువబడినప్పుడు జరిగిన ఘట్టము రైలు ఘట్టమున కేమాత్రమును తీసిపోదు. ఆలోచనకు అందులోనే పదార్థ మధికముగా కలదని నా అభిప్రాయము. రైలులో త్రోసివేసినవాడు పోలీసువాడు; కోర్టులో త్రోసివేయజూచినవారు తోడి న్యాయవాదులు. మొదటిది మోటుదనము. రెండవది తర్కముతో, నిబంధనలతో, మర్యాదతో నడచిన పని.

ఆత్మకథ 1925 నవంబరు మొదలు 1929 ఆరంభము వరకు 'నవజీవన్' పత్రికలో గుజరాతీ భాషలో వారము వారము వెలువడిన రచన. వారపత్రికలో వచ్చిన గ్రంథమగుటచే ప్రకరణములు పొట్టివి. ఒక్కొక్క ప్రకరణము ఒక్కొక్క కథవలె ముగియును. దీనివలన కొంత నష్టము కలదు. ఒకచోట మొదలిడిన సూత్రము పది ప్రకరణముల పిదప మరల కనబడినప్పుడు చదువరి దానిని గుర్తింపక పోవచ్చును. న్యాయవాద వృత్తికి సంబంధించిన ప్రకరణములలో అట్టి సూత్ర మొకటి కలదు. అది తలపాగ. మూడు స్థలములందు తలపాగ ప్రస్తావన వచ్చును. ఈ మూడింటిని ఒకచోట చేర్చి చదివిననే గాని ఆ కథలోని బరువు తెలియదు.

దానికి ముందు స్వదేశమున అతని వృత్తి ఎట్లుండెనో ఒకమాట చెప్పవలెను. 1891 జూను 10వ తేదీన ఇన్నర్ టెంపుల్ వారు బారిష్టరుగా స్వీకరించిరి. పండ్రెండవ తేదీన అతడు ఓడ యెక్కెను. బొంబాయి స్మాల్ కాజు కోర్టులో మొదటి కేసునందు ప్రతిపక్షపు సాక్షిని ప్రశ్నించుటకు లేచి, నోరు పెగలక, ఫీజు తిరిగి యిచ్చివేసి బయటికి వచ్చెను. దళారికి వాటా ఇయ్యనిదే వ్యాజ్యములు దొరకవని పెద్దలు చెప్పగా ఒప్పుకొనలేదు; తరువాత రాజకోటలో ఆ పట్టుదలను కొంత సడలించుకొనవలసి వచ్చినదని తానే వ్రాసికొనెను. అచ్చటనే తెల్లదొర యొకడు బంట్రోతుచే అతనిని గెంటించెను. కావున దక్షిణాఫ్రికాకు పోయినవాడు స్వదేశమున వెలిగి పోయినవాడు కాడు. ఇంటి గుమ్మములో దళారి సుంకము, పొరుగుదేశపు గుమ్మములో రంగు సుంకము - ఈ రెండింటిని చూచిన వాడగుటచే అతని రచనలో స్వదేశపు వకీళ్లనుగూర్చి గొప్పలు లేవు.

దాదా అబ్దుల్లా కంపెనీవారు అతనిని పిలిపించినది ఒక సంవత్సరమునకు. రానుపోను ఖర్చులు గాక జీతము నూటయైదు పౌనులు. ఇది బారిష్టరుకు తగిన స్థానము కాదనియు, వర్తకుల కొలువువంటిదే యనియు ఆయనకు తెలియును. 1893 మేలో డర్బను చేరిన రెండు మూడు దినములకే అబ్దుల్లా సేఠు అతనిని కోర్టు చూపుటకు తీసికొనిపోయెను. మేజిస్ట్రేటు కొంతసేపు తేరిపారజూచి తలపాగ తీయుమనెను. ఇతడు తీయక వెలుపలికి వచ్చెను.

ఇచ్చట గ్రంథకర్త చెప్పిన యొక వివరమును గమనింపవలెను. మహమ్మదీయ వేషము ధరించినవారు తలపాగతో కోర్టున నుండవచ్చును. తక్కిన హిందూదేశీయులు తీయవలెను. ఈ భేదమునకు మూలము ఆ దేశమున మనవారు పంచుకొన్న తెగలు. ముస్లిము వర్తకులు తాము అరబ్బుల మనిరి. పారశీకులు తాము పర్షియన్ల మనిరి. ఏ పేరును లేనివారు కూలీలు, లేదా 'సామి'లు. ఈ 'సామి' యనునది అరవవారి పేర్ల చివర వచ్చు 'స్వామి' శబ్దమే. మద్రాసు రాష్ట్రమునుండి ఒప్పందపు కూలీలుగా పోయిన అరవవారు, తెలుగువారు ఎందరో ఆ పిలుపుక్రిందనే బ్రతికిరి. 1860 నవంబరులో మొదటి ఓడ 'ట్రూరో' డర్బను చేరినది మద్రాసునుండియే గదా! స్వామి యనగా ప్రభువు. ఆ దేశపు తెల్లవారి నోట అది తిట్టుగా మారినది. ఆ అర్థము తెలిసిన మనవాడు కొందఱు దొరలకు ఎదురుచెప్పి నవ్వుకొనుటయు కలదని గాంధీజీ వ్రాసెను. ఇక తాను 'కూలీ బారిష్టరు'. ఇంగ్లండు పట్టాకు ఆ దేశమున వచ్చిన విశేషణ మది.

అవమానము తప్పించుకొనుటకు ఇంగ్లీషు టోపీ పెట్టుకొందునా యని ఇతడు ఆలోచించినప్పుడు అబ్దుల్లా సేఠు వారించెను. టోపీ పెట్టుకొన్నచో హోటలులో వడ్డించువాడవని అనుకొందు రనెను. చదువు అంతగా లేని ఈ వర్తకుడు ఆత్మకథలో మిక్కిలి సూక్ష్మమైన విమర్శకుడని నాకు తోచును. అనుకరణ గౌరవము తేదనియు, అది మనుష్యుని మరియొక క్రింది మెట్టున నిలుపుననియు అతడొక్క హాస్యపు మాటలో చెప్పివైచెను.

వ్యాజ్యము మధ్యవర్తుల తీర్పుతో ముగిసిన కథ అందరికి తెలిసినదే. న్యాయవాది పని విడిపోయినవారిని కలుపుట యను నిశ్చయ మప్పుడు కలిగినది. తిరిగి పోబోవుచుండగా 1894లో హిందూదేశీయుల వోటుహక్కు తీసివేయు బిల్లు వచ్చుటయు, వర్తకులు ఇతనిని నిలుపుటయు జరిగినవి. ప్రజాసేవకు జీతము పుచ్చుకొనననియు, తమ వ్యాజ్యములు తనకిచ్చిన చాలుననియు చెప్పగా ఇరువదిమంది వర్తకులు ఒక సంవత్సరపు ఫీజు ముందుగా నిచ్చిరి. వృత్తియు ఉద్యమమును ఇట్లు ఒకే త్రాట ముడిపడినవి. ఈ ముడి తొలగినచో తరువాతి కథయే లేదు. కోర్టులో పేరు నమోదు కానిచో ఆ వర్తకుల ఫీజు దానమగును; దానమైనచో అతడు నిలువడు.

దరఖాస్తు ఘట్టమును గాంధీజీ న్యాయదేవత ప్రతిమ వర్ణనతో మొదలిడెను. త్రాసు పట్టిన స్త్రీ, కన్నులు లేనిది, పైరంగు చూడకుండుటకే కన్నులు లేనిది. ఆ ప్రతిమను చూపి, నెటాలు లా సొసైటీ ఆమెకు కన్నులు తెరపింపజూచినదని చెప్పుట ఆయన పద్ధతి. అలంకారము తక్కువగా వాడు రచయిత యగుటచే ఈ ఎత్తుగడ ప్రత్యేకముగా నిలుచును.

లా సొసైటీవారి అభ్యంతరములు రెండు విధములు. మొదటిది, ఇంగ్లండు పట్టా అసలు ప్రతి దరఖాస్తుతో లేదు. అసలు ప్రతి బొంబాయి హైకోర్టున నమోదైనప్పుడు అచ్చట దాఖలు చేయబడియున్నది. ఇతనియొద్ద నున్నది ఆ హైకోర్టువారి పత్రము. రెండవదే ముఖ్యమైనది. న్యాయవాదుల నమోదు నిబంధనలు చేసినప్పుడు నల్లవాడొకడు దరఖాస్తు పెట్టునని ఎవ్వరును ఊహింపలేదట! నెటాలు అభివృద్ధి ఐరోపావారి వలననే కావున కోర్టులలో ఐరోపావారి సంఖ్యయే మించియుండవలెనట! ఒకనిని రానిచ్చినచో క్రమముగా వారే మించిపోవుదురట! ఇందులో అభ్యర్థి చదువును, నడతను, భాషను గూర్చి ఒక్క మాట లేదు. రాబోవు లెక్కలను గూర్చిన భయము మాత్రమే కలదు. ఒక వృత్తిసంఘము తన గుత్తాధిపత్యమును ఇంత నిష్కపటముగా కాగితముమీద పెట్టుట అరుదు. తరువాతి కాలమున ఇట్టివారు మాట మార్చుట నేర్చుకొనిరి; 1894లో వారికి ఆ అవసరము తోపలేదు.

వీరి పక్షమున నియమింపబడిన ప్రసిద్ధ న్యాయవాది అబ్దుల్లా కంపెనీతో పరిచయము గలవాడు. అతడు గాంధీజీని పిలిపించి పుట్టుపూర్వోత్తరము లడిగెను. ఇచ్చటి సంభాషణము ఆత్మకథలోని మేలైన నాటకీయ ఘట్టములలో నొకటి. స్వరము పెంపక వ్రాయబడినది. ఆ న్యాయవాది మోటువాడు కాడు. అసలు పట్టా లేకుండుటచే అనుమానపడితిననియు, పరుల పట్టాలతో మోసము చేసినవారు లేకపోలేదనియు, ఇతడు వలసరాజ్యమున పుట్టిన సాహసికుడేమో యని శంకించితిననియు చెప్పెను. ఐరోపా వర్తకు లిద్దరిచ్చిన యోగ్యతాపత్రములు దరఖాస్తుతో నున్నవి, అవి చాలవనెను. వారికి నీవేమి తెలియుదువు? ఇతడు, ఈ ఊరివా రందఱు నాకు క్రొత్తవారే, అబ్దుల్లా సేఠుకూడ నన్నిచ్చటనే ఎరిగెననెను. సేఠు మీ ప్రాంతమువాడు గదా, నీ తండ్రి దివాను గదా, అతనికి మీ కుటుంబము తెలియకుండునా, అతని అఫిడవిట్ తెచ్చిన నాకాక్షేపణ లేదని సమాధానము.

వలసపోయిన వృత్తిమంతుడు చిక్కుకొను ఉచ్చు ఈ పది పంక్తులలో సమగ్రముగా కనబడుచున్నది. మొదటనే అబ్దుల్లా సేఠు సాక్ష్యము తెచ్చియుండినచో తెల్లవారి పత్రములు తెమ్మనెడివారే గదా యని గాంధీజీ లోలోపల మండిపడెను. ఏ పత్రము తెచ్చినను రెండవది కావలెను. పరిచితుడు సాక్షియైనచో స్వపక్షమువాడు, అపరిచితుడైనచో ఎరుగనివాడు. పుట్టుక ఏదైననేమి, న్యాయవాది కాగోరువాని తండ్రి యెవడో అడుగుటకు ఏ నిబంధన కలదు? ఈ ప్రశ్న ఆయన మనస్సున లేచినది, పైకి రాలేదు. కోపము దిగమ్రింగి అఫిడవిట్ తెచ్చియిచ్చెను. ఇందులో మరియొక చిక్కు కలదు. తండ్రి దివానగుటచే ఇతని పని నెరవేరినది. తండ్రి రైతో, కుమ్మరియో అయినచో? ఆ న్యాయవాది మర్యాదస్థుడగుట కారణముగా తెరచిన ద్వారము, వంశము గలవానికి మాత్రమే తెరచినట్టిది. గాంధీజీ ఈ రెండవ ప్రశ్న వేయలేదు. వేయకుండుట గ్రంథలోపమనియే నేననుకొందును.

అఫిడవిట్ చూచి ఆ న్యాయవాది తృప్తిపడెను. లా సొసైటీ తృప్తిపడలేదు. 1894 సెప్టెంబరు 3వ తేదీన కోర్టు వారి వాదమును త్రోసివైచెను. ప్రమాణపత్రము అబద్ధమైనచో శిక్షించి పేరు కొట్టివేయవచ్చును. శాసనమున తెలుపు నలుపు భేదము లేదు - ఇదియే తీర్పు సారాంశము. దరఖాస్తును కోర్టు ముందుంచినవాడు అటార్నీ జనరల్ హ్యారీ ఎస్కూంబు. ఇతనిని మరువరాదు. 1897 జనవరిలో గాంధీజీ కుటుంబముతో తిరిగివచ్చినప్పుడు ఓడలను రేవున ఆపి తెల్లవారు గావించిన అల్లరికి వెనుకనున్న ప్రభుత్వమున ఇతడే ప్రముఖుడు. కోర్టులో ఒక నల్లవానికి ద్వారము తెరచిన చేయియే రేవులో వేలమందికి ద్వారము మూయుటకు సహాయపడినది. ఒక వ్యక్తికి న్యాయము చేయుటకును, ఒక జాతిని అడ్డగించుటకును ఎస్కూంబు మనస్సున విరోధము లేకపోయెను. ఆత్మకథలో ఇతడు దుష్టపాత్రగా కనబడడు. రచయిత ఔదార్యము వలన ఈ వైరుధ్యము కొంత మరుగుపడినది.

ప్రమాణము చేయించిన వెంటనే ప్రధాన న్యాయమూర్తి తలపాగ తీయుమనెను. న్యాయవాదుల వేషమునుగూర్చి కోర్టు ఆచారమును పాటింపవలె ననెను. ఈసారి గాంధీజీ తీసెను.

దీనికి ఆయన చెప్పిన సమర్థనము రెండు భాగములు. డర్బను మేజిస్ట్రేటు ఆజ్ఞ దర్పముతో కూడినది. ఇది తాను చేరగోరిన సంస్థయొక్క ఆచారము. హిందూదేశమున ఒక ఆంగ్లాధికారి తీయుమన్నచో ఎదిరింపవచ్చును. నెటాలు కోర్టునకు ఉద్యోగివలె చేరినవాడు ఆ కోర్టు మర్యాదను త్రోసిపుచ్చరాదు. రెండవది, బలమును పెద్ద పోరాటములకై దాచుకొనవలెను. సత్యమునందలి పట్టుదలయే తనకు రాజీయొక్క సౌందర్యమును నేర్పినదని ఆయన వ్యాఖ్య. అబ్దుల్లా సేఠుకు ఇది నచ్చలేదు. మిత్రులను కొంత శాంతింపజేసితినే గాని పూర్తిగా ఒప్పింపలేకపోయితినని గ్రంథకర్తయే చెప్పినాడు.

సేఠు వాదమును మనము తేలికగా త్రోసివేయరాదు. లా సొసైటీ అడిగినది నల్లనివాడు లోనికి రారాదని. కోర్టు చెప్పినది నల్లనివాడు రావచ్చును, వచ్చినప్పుడు నల్లవాని తలపాగ రారాదని. మొదటిది పక్షపాతమని అందరికి తెలియును. రెండవది ఆచారమను పేరున నడచును. ఏ ఆచారమైనను, అది ఏర్పడినప్పుడు ఎదుట నెవరు లేరో వారిని లెక్కింపదు. నిబంధనలు చేసినప్పుడు నల్లవానిని ఊహింపలేదని లా సొసైటీ అన్నమాట వేషనియమమునకును అట్లే వర్తించును. ప్రధాన న్యాయమూర్తి మొదటి వాదమును తిరస్కరించి, దాని కవలపిల్లవంటి రెండవ దానిని తానే ఆజ్ఞాపించెను. గాంధీజీ సమర్థనము నీతిదృష్టిలో నిలుచును, తర్కదృష్టిలో చాలదని నా మతము. గ్రంథకర్త సేఠును ఓడిపోయినవానిగా చూపక, ఒప్పుకొననివానిగనే విడిచిపెట్టుట చేత చదువరికి ఈ మాట అనుటకు చోటు దొరకినది. ఆత్మకథలందు సాధారణముగా వాదమున గ్రంథకర్తయే గెలుచును.

మూడవ తలపాగ బాలసుందరముది. వృత్తి మొదలిడి మూడునాలుగు మాసములైనను నిండలేదు. చిరిగిన బట్టలతో, ముందరి పండ్లు రెండు విరిగి, నోట రక్తము కారుచుండగా, ఒప్పందపు అరవకూలీ యొకడు ఏడ్చుచు ఇతని యెదుట నిలిచెను. యజమాని కొట్టినాడు. తలకు చుట్టుకొన్న రుమాలు తీసి చేత పట్టుకొని యున్నాడు. ఐరోపావారిని చూడబోవు కూలీలు తలగుడ్డ తీయవలెనను ఆచారమును అతడు గాంధీజీయెడల గూడ పాటించెను. గాంధీజీ సిగ్గుపడి, రుమాలు చుట్టుకొమ్మనెను. సంకోచించుచునే చుట్టుకొన్న ఆ మనుష్యుని ముఖమున కనబడిన సంతోషమును ఆయన గుర్తించి వ్రాసెను. మొదటి తలపాగ ఘట్టమును చదువరికి తానే ఇచ్చట జ్ఞాపకము చేసెను. రెండవ ఘట్టమును మాత్రము తలపెట్టలేదు. కాని క్రమము చూడుడు: కోర్టు ప్రకరణము, కాంగ్రెసు ప్రకరణము, వెంటనే బాలసుందరము. న్యాయవాదియగుటకు తన తలపాగ నిచ్చినవాడు, న్యాయవాదియైన పిదప వేరొకని తల కప్పించెను. అబ్దుల్లా సేఠుకు ఈయలేకపోయిన సమాధానము ఇదియే యని కొందరనవచ్చును. నేనంతదూరము పోజాలను, తెలిసి పేర్చినాడో, తెలియక పేర్చినాడో చెప్పుటకు ఆధారము లేదు. ప్రకరణముల వరుస జరిగిన వరుసయే.

కాలనిర్ణయమున ఆత్మకథను అక్షరాల నమ్మరాదని పరిశోధక విద్యార్థులు గమనింపవలెను. నెటాలు ఇండియన్ కాంగ్రెసు స్థాపన మే 22 అని గ్రంథమున కలదు. వాస్తవముగా అది 1894 ఆగస్టు 22. జ్ఞాపకము మీద వ్రాసిన వారపత్రిక రచనలో ఇట్టివి సహజము. ఆ సవరణ వలన కాంగ్రెసు స్థాపనయు, కోర్టు ప్రవేశమును పండ్రెండు దినముల తేడాలో జరిగినట్లు తేలుచున్నది. కథ చెప్పినదానికంటె వృత్తి, ఉద్యమములు మరింత దగ్గరివి.

1903లో జొహానెస్‌బర్గున ట్రాన్స్‌వాలు కోర్టులో అటార్నీగా చేరునప్పుడు లా సొసైటీ అడ్డుపడలేదు. ఆఫీసునకు గది అద్దెకు దొరకుట మాత్రము కష్టమైనది. అదే లా సొసైటీ 1909లో గాంధీజీయొద్ద పనిచేయుచుండిన రష్యను యూదు వనిత సోన్యా ష్లేసిన్ వృత్తిశిక్షణ ఒప్పందమునకు ఎదురునిలిచినది. స్త్రీ యగుటచే కోర్టు ఆమెను నిరాకరించెను. 1910లో ఆల్ఫ్రెడ్ మంగేనా, లండనులో బారిష్టరైన ఆఫ్రికా దేశీయుడు, అటార్నీగా చేరబోయినప్పుడును లా సొసైటీ అడ్డుపడినది. కోర్టు మంగేనాను స్వీకరించినది. ప్రవాసికి కలిగిన బాధ స్వదేశీయునకు గూడ కలుగుట ఆ దేశపు విశేషము. ఆత్మకథలోని న్యాయవాద ప్రకరణములలో ఆఫ్రికావారి ప్రశ్న రాదు. పుస్తకము 'మన' కథగనే నడచినది. ఇది దాచదగిన విషయము కాదు.

మన భాషలో పోల్చదగిన గ్రంథము టంగుటూరి ప్రకాశంగారి 'నా జీవితయాత్ర'. రాజమహేంద్రవరమున ద్వితీయశ్రేణి ప్లీడరుగా ఎంత పేరు తెచ్చుకొన్నను హైకోర్టున నిలుచు అర్హత ఆయనకు లేదు. ఆ మెట్టు దాటుటకు సముద్రము దాటి, బారిష్టరై, 1907లో మద్రాసు చేరెను. ఒకే దేశమున, ఒకే జాతివారిమధ్య, పట్టాల తరతమములు కట్టిన గోడ అది. గాంధీజీకి ఇంగ్లండు పట్టా ఉండియు గోడ యెదురైనది. ప్రకాశంగారికి ఆ పట్టాయే నిచ్చెనయైనది. ఈ రెంటిని కలిపి చదివినచో పట్టా విలువ దానిని చూచువాని కంటిలో నుండునని తెలియును.

అమెరికాలో ఈ వివాదము పౌరసత్వము పేరున సాగినది. న్యూయార్కున న్యాయవాదియైన చీనాదేశీయుడు హాంగ్ యెన్ చాంగ్‌ను 1890లో కాలిఫోర్నియా కోర్టు నిరాకరించెను. పౌరుడు కాగల జాతివాడు కాడనుటయే హేతువు. జపానువాడైన తకుజీ యమషితాను వాషింగ్టను రాష్ట్రపు కోర్టు 1902లో అట్లే త్రిప్పిపంపెను. భారతీయుడైన సఖారాం గణేశ్ పండిత్ 1914లో పౌరసత్వము పొంది, 1917లో కాలిఫోర్నియాలో న్యాయవాదియైనాడు. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసు తీర్పు వెలువడగానే ప్రభుత్వము పండిత్ పౌరసత్వమును రద్దుచేయ బూనినది. ఆ పౌరసత్వమును నమ్మియే వృత్తిని, సంసారమును నిర్మించుకొంటినని ఆయన వాదించి, 1926లో అప్పీలు కోర్టున గెలిచెను. న్యాయవాదికి పౌరసత్వ ముండవలెనను నిబంధన రాజ్యాంగవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు చెప్పినది 1973లో. యమషితాను 2001లో, చాంగ్‌ను 2015లో మరణానంతరము న్యాయవాదులుగా స్వీకరించిరి. వీరెవరును మన గాంధీజీవలె ఆత్మకథ వ్రాసి లోకమునకు వినిపింపలేదు; వీరి కథలను కోర్టు తీర్పులనుండి ఏరుకొనవలెను. తీర్పులో వాదము దొరకును, దిగమ్రింగిన కోపము దొరకదు. ఆత్మకథ ప్రయోజన మచ్చట తెలియును.

1909లో వ్రాసిన 'హింద్ స్వరాజ్'లో న్యాయవాదులను తీవ్రముగా నిందించిన రచయితయే ఇరువది యేండ్ల తరువాతి గ్రంథమున కోర్టు ప్రవేశ ఘట్టమును ఇంత సౌమ్యముగా వ్రాయుట వింతగా తోచవచ్చును. వ్రాయునాటి స్థితిని గుర్తుంచుకొనవలెను. 1922 మార్చిలో అహమ్మదాబాదున రాజద్రోహ నేరమునకు శిక్షపడగా, ఆ నవంబరు 10వ తేదీన ఇన్నర్ టెంపుల్ వారు ఆయన పేరు కొట్టివేసిరి. 1954లో రాజకీయ నేరమునకు శిక్షపడిన మండేలాను తొలగింపుమని ట్రాన్స్‌వాలు లా సొసైటీ కోరినప్పుడు కోర్టు ఒప్పుకొనలేదు. 1922లో లండనున అట్టి విచక్షణ కలుగలేదు. ఆత్మకథ 1920 నాగపూరు కాంగ్రెసుతో ముగియుటచే ఈ సంగతి కథలోనికి రాలేదు. న్యాయదేవత త్రాసును వర్ణించుచు నెటాలు ఘట్టమును వ్రాయునప్పటికి ఆయన ఏ న్యాయవాదుల సంఘమునను సభ్యుడు కాడు. ఇన్నర్ టెంపుల్ వారు ఆయన పేరును తిరిగి చేర్చినది 1988లో.